రాగ్లీ తోటలో మోటారు సైకిళ్ల సంబరము

ఈ సంవత్సరపు సంచికకు ఒక ప్రయాణ వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. మేము 2024 సంవత్సరమున ఇంగ్లండు దేశమునకు పోయి వచ్చిన సంగతి పాఠకులలో పెక్కురకు తెలిసినదే. మా అక్కగారి కుమారుడు బర్మింగ్‌హామ్ నగరమున ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నాడు. అతనికి ఆడుబిడ్డ కలుగగా అక్కగారు మనుమరాలిని చూచి తీరవలెనని పట్టుపట్టిరి. ఒంటరిగా విమానమెక్కుటకు భయపడిరి. అందుచేత మేము నెల దినములు సెలవు తీసికొని ఆమెకు తోడుగా పోతిమి. తిరిగి వచ్చిన నాటినుండి లండను వంతెనలను గూర్చియు, చలిని గూర్చియు, కూడు గుడ్డలను గూర్చియు ప్రశ్నించినవారే గాని, మా మనస్సున ఎక్కువకాలము నిలిచిన సంగతిని గూర్చి అడిగినవారు లేరు. అది ఒక మోటారు సైకిళ్ల సంబరము. ఉపాధ్యాయునకు అక్కడ నేమి పనియని కొందరు నవ్వవచ్చును. మేమును మొదట పోనొల్లకయే పోతిమి.

మోటారు సైకిళ్లలో సాహసయాత్రల కొఱకై నిర్మింపబడిన జాతి యొకటి కలదు. ఇవి ఎత్తుగా నుండును. ముందు చక్రము పెద్దది. కుదుపును మ్రింగు స్ప్రింగులు పొడవైనవి. వెనుక ఇరుప్రక్కల పెట్టెలు తగిలించుకొన వీలుండును. మంచి రోడ్డుమీదను, రోడ్డే లేని చోటను ఒకే బండి నడువవలెనన్నది వీని యుద్దేశము. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. వారు 1980లో ఇట్టి బండి నొకదానిని చేసి, దాని పేరులోనే మిట్టపల్లములకును రోడ్డుకును గుర్తుగా రెండక్షరములు పెట్టిరి. మరుసటి యేడే ఆ బండి పారిసు నుండి ఆఫ్రికాలోని డకారు వఱకు సహారా యెడారి మీదుగా జరిగిన పందెమున గెలిచెను. అప్పటినుండి ఈ జాతి బండ్లు పెరుగుచు వచ్చినవి. ఇట్టి బండ్లవారి కొఱకు ఇంగ్లండులో 'అడ్వెంచర్ బైక్ రైడర్' అను పత్రిక యొకటి కలదు. ఆ పత్రికవారే వార్విక్‌షైరు మండలమున, ఆల్సెస్టరు అను చిన్న పట్టణము చెంతనున్న రాగ్లీ భవనపు తోటలో, జూన్ మాసాంతమున మూడు దినములు సంబరము జరుపుచున్నారు.

ఆల్సెస్టరునకు ఎనిమిది మైళ్ల దూరముననే షేక్‌స్పియరు పుట్టిన స్ట్రాట్‌ఫర్డు ఉన్నది. మేము ఆ యూరు చూడవలెనని యెన్నాళ్లనుండియో కోరుచుంటిమి. ఆ మాట చెప్పగా మా మేనల్లుడు, "మామయ్యా, షేక్‌స్పియరుగారు నాలుగు వందల యేండ్లుగా అక్కడనే యున్నారు, వచ్చే వారము కూడ ఉందురు. ఈ సంబరము మూడు దినములే" అనెను. ఆ వాదమునకు మాయొద్ద జవాబు లేకపోయెను.

అతని బండి 'హిమాలయన్' అను పేరుగల రాయల్ ఎన్‌ఫీల్డు. అది తమిళదేశమున తయారై ఓడమీద ఇంగ్లండు చేరినది. మాకొక హెల్మెట్టును, మోచేతులకును భుజములకును గట్టి దిండ్లు కుట్టిన కోటును, చీలమండలు దాటు బూట్లను తెచ్చి యిచ్చి, అవి యన్నియు తొడిగినగాని బండి కదల్పనని చెప్పెను. తొడిగిన పిమ్మట మేము నాటకములోని భటునివలె నుంటిమి. అక్కగారు మమ్ము చూచి చాలసేపు నవ్విరి.

త్రోవలో రెడ్డిచ్ అను పట్టణము వచ్చును. అనగా నడిమధ్యకు పోము, అంచునే పోదుము. ఆ యూరిని గూర్చి మన విద్యార్థులు తెలిసికొనదగినది కలదు. విక్టోరియా రాణి కాలమున ప్రపంచమున అమ్ముడుపోవు సూదులలో నూటికి తొంబది పాళ్లు ఆ యూరిలోను పరిసరములలోను తయారయ్యెడివని చెప్పుదురు. 1851లో అక్కడ సూదులు చేయుటకు స్థాపింపబడిన యొక చిన్న కార్ఖానాయే క్రమముగా సైకిలు భాగములకును, తరువాత సైకిళ్లకును దిగి, ఎన్‌ఫీల్డు లోని రాజ ఆయుధశాలకు తుపాకి భాగములు చేసి పెట్టినందున రాయల్ ఎన్‌ఫీల్డు అను పేరు సంపాదించి, 1901లో మొదటి మోటారు సైకిలును చేసెను. మన పోలీసువారును, పెండ్లికుమారులును మోజుపడు 'బుల్లెట్' అను పేరు 1932లో అక్కడ పుట్టినదే. మన సైన్యమునకు సరిహద్దులలో తిరుగుటకు బండ్లు కావలసివచ్చినందున 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసి మద్రాసు చెంత తిరువొత్తియూరులో కర్మాగారము పెట్టిరి. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడెను, మద్రాసుది నిలిచెను. తల్లి చెట్టు ఎండి, దూరమున నాటిన అంటు కాయలు కాచినట్లయ్యెను. మేమెక్కిన బండి తన పేరు పుట్టిన యూరి ప్రక్కనుండియే పరదేశపు సరకుగా పోవుచున్నది.

రాగ్లీ భవనమును చూడగానే మాకు కలిగిన సంతోషము మోటారు సైకిళ్ల వలన కలిగినది కాదు. 1680లో దానికి నక్షా గీచినవాడు రాబర్టు హుక్ అని మా మేనల్లుడు చెప్పెను. శిక్షణ కళాశాలలో చదివిన కాలమునుండి నేటివఱకు ఏటేట మేము నల్లబల్లపై వ్రాయు పేరది. స్ప్రింగుపై వేసిన బరువు ఎంత హెచ్చిన, సాగుట అంత హెచ్చునను నియమమును 1678లో ప్రకటించినవాడును, బెండుముక్కను సూక్ష్మదర్శినిలో చూచి అందలి గదులకు 'సెల్' అని పేరిడినవాడును అతడే. అతడు గట్టించిన యింటి ముంగిట, వేలకొలది స్ప్రింగులపై కూర్చుండి జనులు గంతులు వేయుచుండిరి! ఆ తోటలోనే చెట్ల నడుమను, గడ్డి దిబ్బలమీదను, బురదలోను సుమారు 20 కిలోమీటర్ల బాట యొకటి యేర్పరచి, వచ్చినవారు తమ బండ్లతో తిరుగుటకు విడిచిపెట్టిరి. ఒక మలుపులో మేము నిలుచుండి చూచితిమి. బండి గోతిలో దిగినప్పుడు ముందు స్ప్రింగు జానెడు లోపలికి పోయి వచ్చుచున్నది. నడుపువాడు ఫుట్‌రెస్టులపై నిలుచుండి మోకాళ్లు వంచియున్నాడు. అతని తల మాత్రము నీటిపై తేలు కుండవలె సమముగా పోవుచున్నది. మోకాళ్లును స్ప్రింగులే యని అప్పుడు మాకు తోచెను.

మైదానమంతయు గుడారములు. కోటప్పకొండ తిరునాళ్లకు ముందురాత్రి బండ్లు విప్పి విడిసిన జనము జ్ఞప్తికి వచ్చెను. తేడా యేమనగా, ఇచ్చట ఎడ్లకు బదులు ప్రతి గుడారము వాకిట ఒక మోటారు సైకిలు. మా యూహకు విరుద్ధముగా కుఱ్ఱవారు తక్కువ. నెరసిన గడ్డములును, కళ్లజోళ్లును ఎక్కువ. స్త్రీలును తగుమాత్రము కలరు. కంపెనీలవారు వరుసగా డేరాలు వేసి తమ క్రొత్త బండ్లను అనుమతిపత్రము గలవారికి నడిపి చూచుకొననిచ్చుచుండిరి. మూడు పెట్టెల బండి ధర విని దానిని మన రూపాయలలోనికి మార్చి, మరల మార్చి, ఇక మార్చుట మానితిమి.

మేము టీ త్రాగుచుండగా ఒక వృద్ధుడు వచ్చి మా మేనల్లుని బండి పెట్రోలు ట్యాంకుపై చేయి వేసి, గుఱ్ఱమును నిమిరినట్లు నిమిరెను. తాను 1961లో, తన పదునాఱవ యేట, రెడ్డిచ్ కర్మాగారమున పని నేర్చుకొను కుఱ్ఱవాడుగా చేరితినని చెప్పెను. మొదటి యేడాదియంతయు ఇంజనును ముట్టనీయలేదట. ఇనుప ముక్క నొకదానిని ఆకురాయితో అరగదీసి, నాలుగు మూలలును సరిగా వచ్చువఱకు చూపుచుండవలెను. మేస్త్రీ దానిని వెలుతురునకెత్తి చూచి, మాటాడకయే తిరిగి యిచ్చెడివాడట. "ఇది మీ దేశమున చేసినదా?" అని అడిగి, అవునని మేము చెప్పగా వంగి ఇంజను క్రింద అతుకులను పరీక్షించి, తల యూచి వెడలిపోయెను. ఆ తల యూపును మా మేనల్లుడు ప్రశంసగా తీసికొనెను. మేమట్లు నిశ్చయింపజాలము.

మధ్యాహ్నమున చిన్న పందెము జరిగెను. ముప్పది అడుగుల దూరము తాడు కట్టిన సందులో బండి నడపవలెను, కాలు నేల మోపరాదు, తాడు తాకరాదు, అందరికంటె చివర చేరినవాడు గెలిచినట్లు! 200 కిలోగ్రాముల బండ్లపై పెద్ద పెద్ద మనుష్యులు ఊపిరి బిగపట్టి, నత్తవలె జరుగుచు, ఒక చేతి రెండు వ్రేళ్లతో క్లచ్చిని వెండ్రుకవాసి వదలుచు పట్టుచు, వెనుక బ్రేకుపై పాదమాన్చి నడుపుచుండిరి. వేగముగా పోవుట సులభము, చక్రములు తిరుగుచుండగా బండి తనంతట తానే నిలుచును. మెల్లగా పోవుట విద్య యని మా మేనల్లుడు చెప్పెను. వాడు అయిదుగురిలో మూడవవాడయ్యెను. గెలిచినది అరువది యేండ్లు దాటిన యొక పొట్టి స్త్రీ.

ఆమెయే పిమ్మట ఒక ప్రక్కన పడిన బండిని లేపుట యెట్లో క్రొత్తవారికి నేర్పుచుండెను. మొదట ఇంజను ఆర్పవలెను. బండి కుడిప్రక్కకు పడినయెడల సైడుస్టాండును ముందే దించి యుంచవలెను. లేనిచో లేచినది మరల అవతలికి పడును. తరువాత దానికి వీపు త్రిప్పి, సీటునకు నడుమానించి, ఒక చేత హ్యాండిలు కొనను, రెండవ చేత వెనుక చట్రమును పట్టి, నడుము వంచక, కాళ్లతో నేలను త్రోయుచు వెనుకకు నడువవలెను. అంతయు తులాదండ నియమమే. మేమును ప్రయత్నించితిమి. రెండవసారికి లేచెను. చుట్టునున్నవారు చప్పట్లు కొట్టిరి; మఱునాడు మా తొడలు మాత్రము కొట్టలేదు.

ఇచ్చట మేమొక సంగతి చెప్పవలసియున్నది. ఆ బాలుని తండ్రిగారి యనుమతితోనే చెప్పుచున్నాము. పేరు వ్రాయము, ఎఱుగనివారును లేరు. 2022 జూన్ మాసమున, పదవ తరగతి ఫలితములు వెలువడిన కొద్ది దినములకు, మా తరగతి పిల్లవాడొకడు చిన్నాన్న బండి తీసికొని కాలువగట్టు రోడ్డున పోయి, మలుపులో నిలిపియున్న ట్రాక్టరు తొట్టెను కొట్టుకొని చనిపోయెను. గణితమున 94 మార్కులు తెచ్చుకొన్న బాలుడు. తలపై ఏమియు లేదు. బండి నడుపుట ఎవరు నేర్పిరని విచారించితిమి. ఎవరును నేర్పలేదు. చిన్నాన్న నడుపుచుండగా వెనుక కూర్చుండి చూచినదే వానికి పాఠము. వేగము పెంచుట ఒక్క మణికట్టు పని. అది వానికి వచ్చెను. ఆపుట వచ్చునో రాదో అడిగినవారు లేరు.

ఆ యేడు మన దేశపు రోడ్లపై 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు లెక్క. అందు నూటికి నలువది నలుగురికి పైగా రెండు చక్రముల బండ్లపై నున్నవారే. సుమారు 50,000 మంది హెల్మెట్టు లేనివారు. ఈ యంకెలను మేము వార్తాపత్రికలో చదివినప్పుడు మాకు కనబడినది మూడవ బల్లలో కిటికీ ప్రక్కన ఖాళీయైన చోటొక్కటియే.

కావున ఆ తోటలో, నత్త పందెమును చూచి జనులు నవ్వుచుండగా, మాకు నవ్వు రాలేదు. ఈ దేశమున పదునేడేండ్లు నిండినవాడు ఒక దినము శిక్షణ పొంది, శిక్షకుడు తృప్తిపడినగాని 125 సి.సి. బండిపై రోడ్డెక్కరాదు, అదియు 'ఎల్' అను ఎఱ్ఱ యక్షరము తగిలించుకొనియే. పందొమ్మిదేండ్లకు మధ్యరకపు బండికి మరల పరీక్షలు. ఎంత బలమైన బండినైనను నడుపుటకు మామూలుగా ఇరువది నాలుగు నిండవలెను. మధ్యరకపు బండిని రెండేండ్లు నడిపినవానికి ఇరువది యొకటి. మన చట్టమును దుర్బలమైనది కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండక గేరుబండి నడుపరాదు. 2019లో చేర్చిన నిబంధనచే, మైనరు నేరము చేసినచో సంరక్షకునకు గాని బండి యజమానునికి గాని మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును. తల్లిదండ్రులు ఈ వాక్యమును రెండుమారులు చదువవలెనని మా మనవి.

మఱియొక సంగతి. ఆ బాలుడు పడిన పిమ్మట కొంతసేపు బ్రతికియుండెను. చుట్టును జనము చేరిరి. కేసులో ఇరుకుకొందుమేమోయని ఎవరును ముట్టలేదు. మా మేనల్లుడు ప్రమాదముల వార్డున పనిచేయువాడు గనుక ఈ సంగతి వానికి పూర్వమే వ్రాసితిమి. ఇంగ్లండులో అగ్నిమాపక దళములవారు 'బైకర్ డౌన్' అను పేర బండ్లవారికి ఉచితముగా కొన్ని గంటల శిక్షణ యిచ్చుచున్నారు. వాడు దానికి పోయి వచ్చియుండెను. ఆ రాత్రి గుడారము ముందు మా తలకు హెల్మెట్టు పెట్టి నేలపై పరుండబెట్టి వాడు మాకు నేర్పినదిది: ముందు వచ్చు బండ్లను ఆపి మీరు రెండవ ప్రమాదములో పడకుడు, సహాయమునకు పిలువుడు, పడినవాని తలను కదలనీయక రెండు చేతుల పట్టుకొనుడు, ఊపిరి ఆడుచున్నంతసేపు హెల్మెట్టు తీయకుడు, ఊపిరి ఆడనిచో ఇద్దరు చేరి, ఒకరు మెడను పట్టుకొనగా ఒకరు మెల్లగా తీయవలెను, రక్తము కారుచోట గుడ్డతో అదిమి పట్టుడు. మనకును 2005 నుండి 108 బండి యున్నది. పైగా సహాయము చేసినవాడు తన పేరైనను చెప్పనక్కరలేదని, అతనిపై దావా చెల్లదని, మన చట్టముననే 134-ఏ సెక్షనుగా 2019లో చేర్చిరి. కాలువగట్టున నిలుచున్న వారిలో ఈ సంగతి తెలిసినవాడొక్కడును లేకపోయెను.

మరునాడు డేరాలలో ఉపన్యాసములు. దేశములు తిరిగి వచ్చినవారు చిత్రములు చూపుచు చెప్పుదురు. కొందరి మాటలు గొప్పలకే సరిపోయెను. కాని పూర్వపు యాత్రికులను గూర్చి విన్నవి మన పిల్లలకు, ముఖ్యముగా బాలికలకు, చెప్పదగినవి. 1934 డిసెంబరులో థెరీసా వాలక్, ఫ్లారెన్సు బ్లెంకిరన్ అను ఇద్దరు యువతులు 600 సి.సి. పాంథర్ బండికి ప్రక్కతొట్టియు వెనుక చిన్న బండియు తగిలించి లండనులో బయలుదేరి, దిక్సూచియైన లేక సహారాను దాటి, 1935 జూలై చివర కేప్‌టౌను చేరిరి. అందు వాలక్ ఇంజనీరింగు చదివినది. ఎల్‌స్పెత్ బియర్డు అను వాస్తువిద్యార్థిని 1982లో పాత బి.ఎం.డబ్ల్యు. బండిపై బయలుదేరి, సిడ్నీలో నెలల తరబడి కొలువు చేసి డబ్బు కూడబెట్టుకొని, మన దేశము మీదుగా 1984లో ఇల్లు చేరెను. టెడ్ సైమన్ అను పత్రికారచయిత 1973లో 500 సి.సి. ట్రయంఫ్‌పై పోయి 1977లో తిరిగి వచ్చెను. డెబ్బదేండ్ల వయస్సున మరల అదే త్రోవ పట్టెను. వీరి బండ్లలో ఒక్కటియు ఈనాటి మన బజారులో గొప్ప బండి యనిపించుకొనదు. వీరు ప్రతిదినము సాయంకాలము చేసినదేమో వినుడు: నూనె చూచుట, చక్రపు చువ్వలను వ్రేలితో మీటి వదులైనవానిని కనుగొనుట. నాలుగేండ్ల సాహసమున అధికభాగము ఇట్టి పనియే.

సంబరమున మాకు నచ్చనివియు కలవు. రాత్రి వాద్యముల హోరు పదకొండు దాటినను తగ్గలేదు. సారా విక్రయము విరివి. ఆఫ్రికాకు చాలు సామగ్రి తగిలించుకొని ప్రక్క యూరినుండి వచ్చినవారు కొందరు. మూడవ దినమునకు ఆ చక్కని పచ్చిక అక్కడక్కడ దున్నిన చేనువలె నయ్యెను. గడ్డి మరల మొలచునని వారందురు. మొలచును గావలయు.

స్ట్రాట్‌ఫర్డు మరుసటి వారము చూచితిమి. బాగుగానే యున్నది.

మేము తిరిగి వచ్చుసరికి పాఠశాలలు తెఱచి చాల దినములయ్యెను. ఆ బాలుని తమ్ముడు ఇప్పుడు తొమ్మిదవ తరగతిలో మా యొద్దనే చదువుచున్నాడు. తండ్రి వానికి సైకిలైనను కొనలేదు; రెండు మైళ్లు నడిచి వచ్చును. వాడు మోటారు సైకిళ్ల మాట ఎవరైన ఎత్తినచో లేచిపోవునని ఉపాధ్యాయులందరకు తెలియును. మేము ఏమియు ఎత్తలేదు. ఆగస్టు మాసమున ప్రయోగశాలలో హుక్ నియమము చేయించుచుండగా, ఆ నియమము కనుగొన్నవాడు గీచిన యిల్లు చూచితిమని మాత్రము చెప్పితిమి. గంట కొట్టిన పిమ్మట పిల్లలందరును పోయిరి, వాడు పోలేదు. కొక్కెమునకు వ్రేలాడు స్ప్రింగునకు ఒక్కొక్క తూనికరాయి తగిలించుచు, స్కేలుపై కొలిచి గళ్ల కాగితముపై చుక్కలు పెట్టుచుండెను.

"మాస్టరుగారూ, బండి స్ప్రింగుకూడ ఇట్లే సాగునాండీ?" అని యడిగెను.

బండి స్ప్రింగు సాగదు, అణగును. లెక్క యొక్కటేయని చెప్పితిమి. తరువాత వాడడుగగా ఆ తోటను గూర్చి, నత్త పందెమును గూర్చి, పొట్టి యవ్వగారు బండి లేపిన విధమును గూర్చి, ఆకురాయి పట్టిన కుఱ్ఱవానిని గూర్చి ఇప్పుడు వ్రాసిన దంతయు చెప్పితిమి. వాడు తల వంచి చుక్కలను కలుపుచు వినెను. గీత తిన్నగా వచ్చెను.

"ఎన్నేండ్లకు నేర్చుకొనవచ్చునండీ?"

"పదునెనిమిది నిండవలెను."

వాడు గళ్ల కాగితపు అంచున పెన్సిలుతో లెక్క వేసికొనెను. మూడేండ్ల పది నెలలు వచ్చెను. తూనికరాళ్లను వరుసగా పెట్టెలో సర్ది, పెట్టె మూసి, నడిచి యింటికి పోయెను.